పేలని పొక్కకు పదకొండు ఓట్లు

ఆ ముచ్చట క్యాంపులో చెప్పింది నేనే. నా నోరు పడిపోను, చెప్పకుండా ఉండాల్సింది.

డెబ్భైల నడుమ మాట. గల్ఫ్‌లో, రస్ అల్ ఖైమా కొండల్లో ఒక రాతి క్వారీలో నేను హాజరు రాసేవాణ్ణి. అక్క మొగుడు, మా బావ, అక్కడే మిషన్‌తో రాతికి పొక్కలు వేసేవాడు. వాటిలో మందు కూరి పేల్చేవారు. ఒకరోజు చాయ్ తాగుతూ అమెరికా ఇంజనీరు తన రాష్ట్రం సంగతి చెప్పాడు. వాళ్ల కొలరాడోలో గ్యాస్ కోసం భూమి లోపల అణుబాంబులు పేల్చారట. ఇక మీదట జనం ఓటేసి ఒప్పుకుంటేనే పేల్చాలని జనమే ఓటేసి చట్టం చేసుకున్నారట. సాయంత్రం రొట్టెలు కాల్చుకుంటూ మావాళ్లకు చెప్పాను.

"అణుబాంబుకు గూడ అడుగుతరా? మనల్ని రాయి పేల్చే తూటాకు గూడ అడిగినోడు లేడు గదరా!" అన్నాడు బావ. అందరం నవ్వాం.

వారం తిరక్కుండానే ఒక పొక్కలో మందు పేలలేదు. దాని పక్కనే ఇంకో పొక్క వెయ్యమన్నాడు ముదీర్, మా మేనేజరు. మిషన్ అదురుకు లోపలి మందు అంటుకుంటే మనిషి మిగలడు. ఇంజనీరు అప్పటికే సెలవు మీద వెళ్లిపోయాడు. అడిగే దిక్కు లేదు.

"మనం గూడ ఓటేద్దాం బామ్మర్దీ. నువ్వు రాయి, మేం ఏలిముద్రలు ఏస్తం," అన్నాడు బావ.

ఊళ్లో మడిచి డబ్బాలో వేసే ఓటును నేను, తెలివిగలవాణ్ణి, పేర్లతో సహా కాగితం మీద రాశాను. ఆ పేలని పొక్క సంగతి చూసేదాకా పని చెయ్యం అని పైన, కింద పదకొండు వేలిముద్రలు. మొదటి పేరు బావది. రాసేవాడి పేరెందుకులే అని నాది పెట్టలేదు. ఎందుకులే ఏమిటి, భయపడ్డాను.

ముదీర్ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "తేరా నామ్ కిధర్ హై?" అన్నాడు, నీ పేరెక్కడ అని.

"నేను రాసిపెట్టానంతే సాబ్," అన్నాను.

అతను మొదటి పేరు మీద వేలు పెట్టాడు. ముందు వీడే మిషన్ పట్టాలి, లేదంటే పదకొండు మందీ ఖలాస్, ఇంటికే అన్నాడు. ఆ మాట మోసుకెళ్లి బావకు చెప్పిందీ నేనే. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నా ఒక్కనితోని పది మంది ఇండ్లు కూలుడెందుకు," అని తలకు రుమాలు చుట్టుకున్నాడు. కాళ్లు పట్టుకున్నాను. "ఇడువు బామ్మర్దీ," అని విడిపించుకుని పోయాడు. మిషన్ మొదలైన కాసేపటికే కొండ అదిరింది. మాకు దొరికిందంతా ఒక దుప్పట్లో పట్టింది.

ఆరు నెలలకు ఊరికి పోయాను. అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటే అడిగింది.

"సస్తరని ఎరుకున్న పని గదా తమ్మీ. మీ బావ చెయ్యనని అనలేదా?"

కాగితం సంగతి చెబితే, మరి నీ పేరేదని అడుగుతుంది.

"అనలేదక్కా," అన్నాను. "ఇష్టపడే పోయిండు."