హంతకుడు మాట్లాడింది మా ఇంటి భాష

మాది కోవిల్‌పట్టి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బస్సులో అమ్మ ఫోన్‌లో తెలుగు మాట్లాడినా నలుగురూ వింటారని సిగ్గేసి ఆమె చెయ్యి గిల్లేదాన్ని.

రెండేళ్ల క్రితం విరుదునగర్‌లో తోటి టీచర్లతో మ్యాట్నీకి వెళ్లాను. చిన్న ఊళ్లో ముసుగు హంతకుడి కథ, నాసిరకం తమిళ థ్రిల్లర్. ముసుగేమో గోనెసంచి, రక్తమేమో రోజ్‌మిల్క్‌లా ఉంది. అందరం ఆవలిస్తున్నాం. అంతలో వాడు కత్తి ఎత్తి ఏదో గొణిగాడు. పక్కనున్న సెల్వి భయపడి, అది పిశాచి మంత్రమేమో అని తమిళంలో నా చెవిలో ఊదింది.

నాకు మాత్రం స్పష్టంగా వినిపించింది.

"ఎనుముకు కుడితి పెడితివా? సద్ది తింటివా?"

గేదె సంగతి, చద్దన్నం సంగతి మా అమ్మ రోజూ పొద్దున అడిగేవే! జనాన్ని భయపెట్టడానికి వీళ్లకు మా భాషే దొరికిందా? ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి తెరకేసి అరిచాను.

"పెడితిని లేరా! ఆ గోనె తీసి నువ్వు తిను!"

హాలంతా నావైపు తిరిగింది. సిగ్గుతో కూలబడబోతుంటే, వెనక వరుసలోంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది.

"బాగ సెప్తివమ్మా! ఏ ఊరు మీది?"

నేను కూర్చోలేదు. మా ఊరి పేరు గట్టిగా చెప్పాను.

ఆ తర్వాతే తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మీ పత్రికకు రాస్తున్న ఈ ఉత్తరమే నేను తెలుగులో రాసిన మొదటిది. తప్పులుంటే ఉండనీయండి. ఇక గొణగను.