చెరుకుతోటలో దిగబోయిన విమానం

నిన్న పొద్దున డాబా మీద పేపరు చదువుకుంటుంటే, పైన పోతున్న చిన్న విమానం చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోయింది. ఇంటావిడ కంగారుపడింది గాని, ఇంజన్ ఆగితే ఏం చేయాలో ఎవరో కొత్తవాడు నేర్చుకుంటున్నాడని నాకు తెలుసు.

మన ఈడువారు నమ్మరు గాని, మగ్గాల చప్పుడు తప్ప మరొకటి వినపడని ఈ సూరత్‌లో నేనూ ఒకప్పుడు విమానం నడపడం నేర్చుకున్నాను. కరీంనగర్ వైపు మా తాతగారు నాలుగూళ్ల దొర. భూములన్నీ పోయాక నాన్నగారు ఇక్కడికి చేరారు, ఠీవి మాత్రం సామానుతోపాటే వచ్చింది. వానలు పడేలోగా ఒంటరిగా ఎగిరే అనుమతి తెచ్చుకోకపోతే ఊరి పక్కనే ఉన్న సచిన్ అనే చోట మేనమామ మిల్లులో చేరాలని నాన్నగారు గడువు పెట్టారు. మేనమామ కింద పనిచేయడమంటే నాకు తల కొట్టేసినంత పని.

ఆ అనుమతి ఇవ్వాల్సిన గురువేమో మా తాతగారి దగ్గర జీతగాడిగా ఉండి, తరవాత సూరత్ మగ్గాల్లో చేరినవాడి కొడుకు. చిన్నప్పుడు సెలవుల్లో చెరుకు కొట్టి, చదువుకుని పైకొచ్చినవాడు. అందరూ అతన్ని సార్ అంటుంటే, నేను ఏ పిలుపూ లేకుండానే నెలలు నెట్టుకొచ్చాను. అతను మాత్రం నన్ను నోరారా దొరా అనేవాడు. అందులో మర్యాద ఎంతో వెటకారం ఎంతో తేల్చుకోలేక నేను వెన్ను ఇంకాస్త నిటారుగా పెట్టేవాణ్ణి.

పరీక్ష రోజు దగ్గర్లోని బార్డోలీ పొలాల మీదికి వెళ్లాక, మాటల మధ్యలోనే అతను ఇంజన్ జోరు పూర్తిగా తగ్గించేశాడు.

"ఇంజన్ పోయింది. ఏడ దింపుతవ్, దొరా?"

అలాంటప్పుడు విమానం ముక్కు కాస్త దించి, వేగం పడిపోకుండా జారుతూ, చదునైన పొలం ఒకటి చూసుకుని దాని దాకా రావాలి. నేల దగ్గరపడగానే మళ్లీ ఇంజన్ పెంచి పైకి లేవాలి, నిజంగా దిగనక్కర్లేదు. కింద తివాచీ పరిచినట్టు పచ్చగా కనిపించింది. పొలాల సంగతి మా వంశానికి ఒకరు చెప్పాలా అన్న ధీమాతో వేలు చూపించి, అటే జారాను. కిందికి వచ్చేకొద్దీ నేను గడ్డి అనుకున్నది పెరగసాగింది, చివరికి మనిషికి రెండింతల ఎత్తున ఊగుతూ ఎదురొచ్చింది.

"చెరుకుతోట అది," అన్నాడు ఇంజన్ పెంచుతూ. "మీ తాతకు గంత భూమి ఉండె గదా. ఒక్కపారన్న చేన్లకు పోలేదా?"

మా ఇంటి మగవాళ్లు చేలో కాలు పెట్టరని, గట్టు మీద నిలబడే చూస్తారని గంభీరంగా చెప్పాను.

"గట్లనా. అయితే ఈపారి గట్టు మీదనే దింపు."

అతని నవ్వు ఆగేసరికి మళ్లీ ఎత్తుకు చేరాం. ఇంకొక్క అవకాశం ఉందన్నాడు. మేనమామ మిల్లు కళ్ల ముందు కదిలింది. వంశం పరువంతా పక్కన పెట్టి అన్నాను:

"ఏది ఏ పంటో మీరే చెప్పండి, సార్."

అతను నవ్వలేదు. ఆ పూటంతా తిప్పుతూ, ఇది కోసిన జొన్నచేను, చాళ్ల వెంటే దిగాలి, అది తడిపిన మడి, చక్రాలు కూరుకుపోతాయి అని ఒక్కొక్కటీ చూపించాడు. చివరికి జొన్నచేను మీదికి సరిగ్గా తెచ్చాను. వారం తిరగకుండా ఒంటరిగా ఎగిరాను.

మా వాళ్లు తరాలుగా ఏలిన నేలను నేను ఆకాశంలో, జీతగాడి కొడుకు దగ్గర చదువుకున్నాను. ఆ చదువు చూపించుకుందామని బార్డోలీ దారిలో మనవరాలికి పంటల పేర్లు చెబుతుంటాను. ఒకప్పుడు దారి పొడుగునా చెప్పేవాణ్ణి, ఇప్పుడు రెండు చేలు దాటేసరికి అపార్ట్‌మెంట్లు మొదలవుతాయి, ఆ పిల్ల ఫోనులో పడిపోతుంది. ఎప్పుడైనా ఆ మిగిలిన చేలల్లో నాకు తెలియని పైరు కనిపిస్తే, అడుగుదామంటే సార్ లేరు.