మూడు బీరువాల పాలైన చీర అంచు

ఈ విషయం మీద నేను పెట్టుకున్న అర్జీల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. చివరిది ఇవ్వడానికి స్వయంగా హిందూపురం గ్రంథాలయ కార్యాలయానికి వెళితే, అక్కడి గుమాస్తా కూర్చోమనలేదు సరికదా, తలెత్తి చూడనైనా లేదు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

1996 జూన్‌లో నన్ను హిందూపురం నుంచి పెనుకొండ శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. హోదా మూడో గ్రేడు గ్రంథాలయాధికారి. హిందూపురంలో నాకు రావలసిన కుర్చీ నా తర్వాత చేరినవాడికి దక్కింది. అది నేను మరిచిపోలేదు. అయితే ఇప్పుడు చెప్పబోయేది దాని గురించి కాదు.

పెనుకొండలో ఖాదర్ మాస్టారని ఒక రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు. మూడు పుస్తకాలు రాసి, సొంతంగా అచ్చు వేయించుకున్నారు. ఒకటి గుళ్ళ పైకప్పుల మీది బొమ్మల గురించి. రెండోది ఈ ప్రాంతపు నేత, బట్టల చరిత్ర. మూడోది దయ్యాల కథలు. రొద్దం నుంచి నల్లమాడ దాకా ఊరూరా తిరిగి అవ్వల దగ్గర విని రాసినవి. ఇంట్లో ఉన్న ప్రతులకు చెదలు పట్టడంతో, మిగిలిన ఒక్కొక్క ప్రతినీ మా గ్రంథాలయానికి ఇచ్చేశారు.

గ్రంథాలయాల్లో పుస్తకాలను రచయితను బట్టి కాక విషయాన్ని బట్టి సర్దుతాం. ప్రతి విషయానికీ ఒక అంకె ఉంటుంది. ఆ లెక్కన చిత్రకళ ఒక బీరువాలోకి, చరిత్ర ఇంకో బీరువాలోకి, దయ్యాలు 133 కిందికి, అంటే జ్యోతిషం, చేతిరేఖల పక్కకి వెళ్ళాయి. అది చూసి మాస్టారు నొచ్చుకున్నారు.

"ఏమప్పా, నా పుస్తకాన్ని చిలక జోస్యాల పక్కన పెట్నావే? ఇవి మూడు గాదు, ఒకటే పుస్తకం" అన్నారు.

నాకు అర్థం కాలేదన్నాను.

"దయ్యం యా చీర కట్టుకోని కనపడ్తాది? సచ్చిపోయినప్పుడు ఒంటి మీదుండే చీరే గదా. దయ్యాన్ని జూసినామనే అవ్వనల్లా నేను అడిగింది ఒకటే మాట, అంచు ఎట్లుండాదవ్వా అని. కాళ్ళు ఎనక్కి ఉండాయా ముందుకుండాయా అని యాపొద్దూ అడగల్యా."

ఆయన పని పద్ధతి అది. అవ్వలు చెప్పిన అంచును గుడి పైకప్పు బొమ్మల్లో వెతికి, దొరికితే గీసేవారు. దాన్ని నేసిన వాళ్ళెవరో, ఎందుకు ఆగిపోయిందో చరిత్ర పుస్తకంలో రాసేవారు. రొద్దం దగ్గర బావి గట్టున కనిపిస్తుందనే ఆడమనిషి కథ ఒక పుస్తకంలో, ఆమె అంచు ఇంకో పుస్తకంలో, ఆ అంచు నేసిన ఇంటివాళ్ళ సంగతి మూడో పుస్తకంలో ఉన్నాయి. ఒకటి లేకుంటే మిగతా రెండూ కుంటివే.

ఆ మూడింటినీ స్థానిక రచయితల అర అని ఒకచోట పెట్టడానికి అనుమతి కోరుతూ పైకి రాశాను. జవాబు లేదు. కొన్ని నెలలు చూసి, పెట్టేశాను. అందులో తప్పేమీ లేదని ఈనాటికీ అంటాను.

ఆ అర కోసమే ధర్మవరం నుంచి బస్సెక్కి వచ్చేవాడు రామాంజులు. పట్టుచీరలకు అంచు డిజైన్లు గీసేవాడు. గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపితే, దాన్ని బట్టి అట్టలకు చిల్లులు కొట్టి మగ్గానికి తగిలిస్తారు. అతనికి సభ్యత్వం లేదు. మూడు పుస్తకాలూ బల్ల మీద పరుచుకుని అక్కడే గీసుకునేవాడు. అప్పటికి మాస్టారి కళ్ళకు పొర కమ్మింది. పక్కన కూర్చుని నోటితో చెప్పేవారు. బావి గట్టు చీర అంచును మళ్ళీ మగ్గం మీదికి ఎక్కించాలని ఇద్దరి పంతం. గుడి పైకప్పు మీది ఆ బొమ్మ అప్పటికే పెచ్చులూడిపోయింది, మాస్టారు ఇక గీయలేరు కాబట్టి పుస్తకంలో ఉన్నదే ఆధారం.

2001లో స్టాక్ వెరిఫికేషన్ జరిగింది. అంటే రిజిస్టరు చదువుతూ ప్రతి పుస్తకాన్నీ దాని స్థానంలో చూసి టిక్కు పెట్టడం. వచ్చిన అధికారి వయసులో నాకంటే చిన్న. నా కుర్చీలో కూర్చుని నన్ను నిలబెట్టాడు. మూడు పుస్తకాలు వాటి బీరువాల్లో లేకపోయేసరికి 'లేవు' అని రాశాడు. రామాంజులు, మాస్టారు కూర్చున్న బల్ల మీదే ఉన్నాయని చూపించాను.

"స్థానంలో లేనిది లేనట్టే" అన్నాడు. తర్వాత తెరిచి ఉన్న దయ్యాల పుస్తకాన్నీ గ్రాఫు కాగితాన్నీ చూసి, రామాంజులు వైపు తిరిగి, "ఏమబ్బా, దయ్యానికి చీర నేస్తాండావా?" అని నవ్వాడు.

"అవున్సార్. బతికినోళ్ళు రంగు మాత్రమే అడుగుతారు. దయ్యమైతే అంచు జూసి తీసుకుంటాది" అన్నాడు రామాంజులు, చేతిలో పెన్సిల్ దించకుండా.

మాస్టారు పెద్దగా నవ్వారు. అధికారి నవ్వు ఆగిపోయింది. లేవని రాసిన పుస్తకాలు గ్రంథాలయంలో ఉండకూడదని చెప్పి, మూడింటినీ కట్ట కట్టించి జీపులో పెట్టించాడు. ముట్టినట్టు రసీదు ఇమ్మన్నాను. లేని పుస్తకాలకు రసీదేమిటన్నాడు. నిబంధనలు అతిక్రమించానని నాకు మెమో వచ్చింది. అది మాత్రం వారంలోపే వచ్చింది.

రామాంజులు గ్రాఫు కాగితంలో అంచు సగం దాకానే వచ్చింది. హంసల వరస పూర్తయింది, దాని కింది తీగ మొదలై ఆగిపోయింది. మాస్టారు ఆ తీగను గుర్తు తెచ్చుకుని చెప్పబోయేవారు. ఒకరోజు చెప్పింది మరుసటి రోజు వద్దనేవారు. "అంచనాగా గీస్తే అది నా అంచు అయితాది, ఆయమ్మది గాదు" అనేవారు. 2006లో ఆయన పోయారు. అంతకుముందు నేను చూడబోయినప్పుడు నాతో అన్న మాట ఒకటే. "యాడుండాయప్పా అవి?"

రెండేళ్ళ తర్వాత, అప్పటికి బదిలీ అయి ఉన్న ధర్మవరంలో నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభలో నా గురించి నాలుగు మాటలు చెప్పిన పెద్దమనిషి నా పేరు తప్పు పలికాడు. రామాంజులు ఆ సగం కాగితాన్ని ఇప్పటికీ ఇనప్పెట్టెలో దాచుకున్నాడు.

ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఇదీ: వర్గీకరణ అన్నది పుస్తకాన్ని వెతికి ఇవ్వడానికి ఉంది, దాచడానికి కాదు. పాఠకుడి చేతిలో ఉన్న పుస్తకమే దాని సరైన స్థానంలో ఉన్నట్టు.

ఆ కట్ట హిందూపురం గోదాములో చేరిందని జీపు డ్రైవరు చెప్పాడు. తర్వాతి సంగతి ఎవరూ చెప్పలేదు. పైవాళ్ళకు నా మాట ఇది: ఆ కట్ట ఉంటే విప్పండి, రామాంజులును కూర్చోబెట్టి మిగతా తీగ గీసుకోనివ్వండి. చెదలు తింటే తిన్నాయని రాసి సంతకం పెట్టండి. ఒకప్పుడు మీ మౌనాన్ని అనుమతి అనుకున్నాను. ఈసారి అలా అనుకోను. ఆ పుస్తకాలు ఎక్కడున్నాయి?