పెద్దనాయన పెట్టిన మీరు

మొన్న చిత్తూరు బస్టాండులో మా పెద్దనాయన కొడుకు ఎదురుపడ్డాడు. నాకంటే చిన్నవాడు, నా ఒళ్లో కూర్చుని పాలబువ్వ తిన్నవాడు. అక్కా అని కూడా లేదు, "బాగుండారా మీరు?" అన్నాడు. ఒళ్లు మండింది. మా వైపు కన్నతండ్రినీ నువ్వనే అంటాం, కొండమీది స్వామినీ నువ్వనే అంటాం. అయినవాళ్ల నోట మీరు అని వచ్చిందంటే ఇక మా గడప తొక్కొద్దని అర్థం.

ఆ మీరుకు మూలపురుషుడు పెద్దనాయన. మా బడిలో ఇంగ్లీషు అయ్యవారు. కోపాన్ని కూడా ఇస్త్రీ చేసి తొడుక్కునే రకం. ఒకసారి క్లాసులో, ఇప్పుడెవరూ వాడని ఒక ఇంగ్లీషు క్రియ గురించి చెప్పాడు. 'దౌ' అంటే నువ్వు. మొదట్లో వాళ్లకు ఒక్కరైతే దౌ, పదిమందైతే యూ. తర్వాత గొప్పవాళ్లను ఒక్కరున్నా యూ అనడం మొదలైంది. దౌ నౌకర్లకూ పిల్లలకూ మిగిలింది. దాంతో ఆ మాటే క్రియ అయి కూర్చుంది. ఒకణ్ణి 'దౌ' చేయడమంటే, నువ్వని పిలిచి పరువు తీయడం. కోర్టులో వకీలు ముద్దాయిని అలా చేసేవాడట. దేవుడి ముందు అందరూ ఒకటేనని దొరలను కూడా దౌ అన్న భక్తులు తన్నులు తిన్నారట. చివరికి అందరూ అందరినీ యూ అనేసరికి ఆ క్రియకు పని లేకుండా పోయింది. "ఒక్క మాటతో మనిషిని యాడుండాల్సినోణ్ణి ఆడ నిలబెట్టొచ్చు, సూడండప్పా," అని మురిసిపోయాడు.

ఆ విద్య ఇంట్లోనే చేసి చూపించాడు. అన్నదమ్ముల భాగాల్లో మామిడితోపు బావి మా నాయన వంతుకు వచ్చింది. అయినా నాయన అన్న మళ్లకు నీళ్లు ఆపలేదు. "అన్నా, బాయి నీదే అనుకో," అన్నాడు. "మీ బాయి. మీ దయ," అన్నాడు పెద్దనాయన. అంతే, నాయన బతికినన్నాళ్లూ పెద్దనాయన తమ్ముణ్ణి మీరనే పిలిచాడు. నాయన ఏటా తొలికోత కాయలు ఆయనింటికి మోసుకుపోయి, మొహం వేలాడేసుకుని వచ్చేవాడు. "ఒరే అని ఒక్కసారి తిట్టినా సాలు మే," అనేవాడు అమ్మతో.

నాయన పోయిన రోజు పెద్దనాయన వచ్చాడు. పాడె పక్కన కూలబడి, "ఒరే, నువ్వు లెయ్‌రా," అని ఏడ్చాడు. ఊరంతా కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం తుడుచుకోలేదు. వినే చెవులున్నప్పుడు ఈ పెద్దమనిషికి నోరు రాలేదు. దగ్గరికి పోయి, "మీరు పక్కకు జరగండి. మోసేవాళ్లు రావల్ల," అన్నాను. ఆయన తలెత్తి చూశాడు. అయ్యవారు కదా, అర్థమైంది. కొడుకు వెనకే నిలబడి విన్నాడు.

బస్టాండులో నేనూ, "బాగుండాను. మీరు?" అన్నాను. ఇంగ్లీషువాళ్లు వాళ్ల క్రియను మరిచిపోయి ఎన్ని తరాలైందో తెలీదు. మాది ఇంకా రెండో తరంలోనే ఉంది.