మిరప బస్తా నేర్పిన గతిశక్తి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకు సంగతి వేరు (ఎవరికైనా చెబితే ఫోన్ నంబరేమో అనుకునేవారు). బెజవాడలో లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపితే ఈసారి ఇంజనీరింగ్ సీటు ఖాయమని నా వాదన. నందిగామలో డిగ్రీ చాలని మా పెద్దనాన్న తీర్పు. ఉమ్మడి సేద్యం కాబట్టి ఆయన మాటకు నాన్న ఎదురు చెప్పడు. ఎవరు ఏది మొదలుపెట్టినా ఆపడమే ఆయన పని కనుక పిల్లలమంతా ఆయన్ను చాటుగా 'బ్రేకు పెద్దనాన్న' అనేవాళ్లం.

జగ్గయ్యపేట దగ్గర మా ఊళ్లో మిరపకాయలు మేడ మీద ఆరబోసి, బస్తాలకెత్తి, కూలీల చేత కిందికి దింపించడం అలవాటు. ఆ రోజు కాయలు కొనే బేరగాడు వచ్చి కూర్చున్నాడు గానీ కూలీలు రాలేదు. నాకు ఇంతకన్నా మంచి అవకాశం దొరకదనిపించింది.

"పెద్దనాన్నా, కాయలు పైకి మోసినప్పుడు మన కష్టమంతా వాటిలోనే దాక్కుని ఉంటది. అదే స్థితిశక్తి. కిందికి జారిస్తే గతిశక్తి అయిపోద్ది. మళ్లీ మొయ్యటం దేనికి?" అన్నాను.

"అయితే చూపించు. కుదిరితే బెజవాడ, లేకపోతే నందిగామ. ఆనక నోరెత్తకూడదు" అన్నారాయన. బేరగాడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

నాన్న, నేను కలిసి మేడ అంచు నుంచి పెరట్లోకి పొడవాటి చెక్కలు ఏటవాలుగా వేశాం. కింద పాత పరుపు పరిచాం. బస్తాను చెక్క మీద పెడితే గరుకుకి పట్టుకుని కదిలితే ఒట్టు. "ఏమ్మాయ్, నీ శక్తికి ఇయ్యాల సెలవా?" అని పెద్దనాన్న నవ్వారు. నాకు ఒళ్లు మండి, కాయల మీద కప్పే ప్లాస్టిక్ పట్టా తెచ్చి చెక్కల మీద పరిచేశాను. (మా పుస్తకంలో ప్రతి లెక్కలోనూ 'ఘర్షణ లేదనుకొనుము' అని ఉండేది. నిజంగానే లేకపోతే ఏమవుతుందో ఒక్క లెక్కలోనూ లేదు.)

ఈసారి బస్తా నన్ను అడక్కుండానే బయల్దేరింది. పరుపు మీద ఆగలేదు సరికదా, అక్కడి నుంచి ఎగిరి, బట్టలుతికే బండకు కొట్టుకుని పిగిలింది. పెరడంతా కాయలు, గింజలు, ఘాటు. మొదట బేరగాడు తుమ్మాడు, తర్వాత ఇంటిల్లిపాదీ, ఆ తర్వాత వీధి వీధంతా. బేరగాడు కళ్లు తుడుచుకుంటూనే "కాయ ఘాటు మాత్రం బాగుందండీ" అని మెచ్చుకున్నాడు.

ఇక నందిగామే గతి అని నాకు ఏడుపొచ్చింది (మిరప ఘాటు వల్ల ఎవరూ గమనించలేదు). అప్పుడు పెద్దనాన్న ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని అరిచారు: "రేపే బెజవాడ పంపించరా దీన్ని! ఇంటి పట్టున ఉంటే కొంప కూల్చిద్ది!"

అలా నా ఫిజిక్స్ ఓడిపోయి నేను గెలిచాను. సీటూ వచ్చింది, ఇంజనీరింగూ అయింది. అంతా అయ్యాక ఉద్యోగం నందిగామలోనే దొరికింది, ఇదే పాఠం చెప్పడానికి. శక్తి నశించదు, రూపం మార్చుకుంటుందంతే అని బోర్డు మీద రాస్తుంటాను. మేడ అంచున నడుం మీద చేతులు పెట్టుకుని "అందరూ తప్పుకోండి!" అని కేకేసిన ఆ పిల్లకు ఎంత ధీమా ఉండేదో. అది ఏ రూపంలోకి మారిందో నాకే తెలియదు. ఒక్కోసారి దాని కోసం బెంగగా ఉంటుంది, నవ్వూ వస్తుంది.