సెన్సర్‌కు పసుపు మెత్తినాయన

మా శాలిబండ గల్లీల ఉండే పికప్ డ్రైవరన్న, కొత్త వస్తువేదైనా పసుపుబొట్టు పెట్టనిదే ముట్టకపోయేటోడు. పళ్ల బ్రష్షుకు సుత హారతిచ్చిన మహానుభావుడు!

ఒకనాడు బండి ఆక్సిజన్ సెన్సర్ ఖరాబై, ఇంజన్ లైటు లంక అంటుకున్నట్టు వెలిగింది. పొగ చూసి అఫ్జల్‌గంజ్ సేటు, "మధ్యాహ్నంలోపు బాగుచెయ్యకపోతే రోజువారీ లోడు వేరేటోనికిస్త" అన్నడు. ఇల్లు గడిచేది ఆ లోడు మీదనే.

అన్న ఇంటి ముందే బండి కిందికి దూరిండు. పాత సెన్సర్ ఊడేసరికి గల్లీ అంతటికి భూకంపమొచ్చింది. కొత్తది బిగించి తాళం తిప్పితే లైటు ఆరలేదు.

"బొట్టు ఏడ పెట్టినవన్నా?" అని పక్కనున్న నేనడిగిన.

"మూతికి భాయ్! చిన్న చిన్న బొక్కలున్నయ్. అన్నిట్ల తడి పసుపు మంచిగ మెత్తిన."

"అయ్యో, అది బండికి ముక్కన్నా! పొగ వాసన చూసేదే గా బొక్కలతోని!"

అంతల మధ్యాహ్నం దాటింది, ఫోన్ మోగింది. చేతులకు నూనె ఉందని స్పీకర్ పెట్టిండు.

"వేరే బండి మాట్లాడుకున్నం. ఇగ నువ్వు రాకు" అన్నడు సేటు.

"మంచిది సేట్" అని అన్న మళ్ల బండి కిందికే దూరిండు. నేను చానాసేపు నిలబడ్డ. బండి కిందినుంచి పానా చప్పుడు రాలేదు.