ఉరుకుందు తవ్విన బావి

పెద్దకడుబూరు చుట్టుపక్కల ఉరుకుందు వాళ్ల తాత చెయ్యి పడని బావి లేదనేవారు. నీళ్లు తగ్గితే ఇంకో మట్టు లోతుకు దిగడం, బండ అడ్డమొస్తే పగలగొట్టి మరో మట్టు దిగడం, ఇదే ఆ ఇంటి విద్య. తర్వాత బోర్లొచ్చాయి, బావులు ఎండాయి, విద్య కూడు పెట్టడం మానేసింది. ఆదోని నుంచి మంగళూరు రేవుకు వెళ్లి ఓడలో వంటపనికి కుదిరిన చిన్ననాటి స్నేహితుడు అజ్మతుల్లా ఒకనాడు ఫోన్ చేసి, "నీళ్లు ల్యాని కాడ ఎంత తవ్వుతావురా? నీళ్లుండే కాడికే రా" అన్నాడు. అట్లా నడివయసులో, ఈత కూడా రాని ఉరుకుందు సముద్రం మీద పనికి కుదిరాడు.

అదొక సరుకుల ఓడ. గాలుంటే తెరచాప, లేకుంటే ఇంజను. బియ్యం, ఉల్లిగడ్డలు, రేకులు దీవులకు చేరవేస్తుంది. ఆ వేసవిలో అదే చివరి ప్రయాణం. వానలు మొదలైతే ఓడలు రేవు కదలవు. ఇంటి ముఖం చూసి ఏడాది దాటింది. శ్రావణంలో ఉరుకుంద ఈరన్నస్వామి జాతరకు తీసుకుపోతానని భార్య భీమక్కకు మాట కూడా ఇచ్చి ఉన్నాడు.

దీవిలో సరుకు దించేశాక ఓడ నడిపే సరంగు అందరికీ సాయంత్రం దాకా సెలవిచ్చాడు. "పోటు తిరిగితే బయలుదేరతాం. మూడుసార్లు కూత వేస్తాను. రానివాడి కోసం ఆగను" అని మాత్రం గట్టిగా చెప్పాడు.

ఆ ఊరి తీరే వేరు. ఉన్నదొకటే రోడ్డు, అది ఊరంతా చుట్టి మళ్లీ మొదలైన చోటికే వస్తుంది. ఉన్నదొకటే ఆటో, అదీ చుట్టూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎటు పోవాలో ఎవరూ చెప్పరు, ఇల్లు రాగానే దిగిపోతారు. సైకిళ్లన్నింటికీ పేర్లున్నాయి. మధ్యాహ్నం కాగానే దుకాణాలు తెరిచిపెట్టి మరీ ఊరు ఊరంతా నిద్రపోతుంది. "మన ఆదోని బజార్లో ఇట్ల పండుకుంటే లేసేసరికి తలుపులు గూడా ఉండవు" అని ఉరుకుందు నవ్వాడు. చాలా రోజుల తర్వాత కాళ్ల కింద నేల ఊగకుండా ఉంది. అతనికి అదే పెద్ద పండగ.

అజ్మతుల్లా వచ్చినప్పుడల్లా బీఫాతుమ్మ అనే ముసలావిడ ఇంటికి ఉల్లిగడ్డలు తీసుకుపోతాడు, ఆమె చేపల కూరతో అన్నం పెడుతుంది. ఆ రోజూ పెట్టింది. తిన్నాక ఆమె పెరట్లోని బావి దగ్గరికి వెళ్లింది. ఉరుకుందు కళ్లు ఆ బావి మీదే పడ్డాయి, పాత అలవాటు ఎక్కడికి పోతుంది? లోతెంతో లేదు, మనిషి దిగితే తల పైకి కనపడుతుంది. అడుగున మోకాటి లోతు నీళ్లు. ఆమె పొడుగాటి కర్రకు కట్టిన కొబ్బరిచిప్పతో, పసిబిడ్డ నిద్ర చెడుతుందేమో అన్నంత మెల్లగా, పైపైన నీళ్లు తేర్చుకుంటోంది. ఒక్క బిందె నిండేసరికి చెమటలు కారిపోయాయి. ఇంకా పక్కిళ్ల వాళ్లు మూడు బిందెలు పెట్టిపోయారు.

ఉరుకుందు చూడలేకపోయాడు. "బొక్కెనేసి తోడొచ్చు గదా?" అని అడిగితే, అజ్మతుల్లా మంచం మీద అటు తిరిగి పడుకుంటూ, "వాళ్ల ఆచారమేమోలే రా. పండుకో" అన్నాడు.

ఉరుకుందుకు నిద్ర పట్టలేదు. అన్నం పెట్టిన చేతికి ఏదైనా చెయ్యాలనిపించింది. బావి సంగతిలో తనకు చెప్పేవాడెవడు? ఊరంతా నిద్రపోతుండగా గోడకానించిన పార తీసుకుని బావిలోకి దిగాడు. ఆదోని బండలు పగలగొట్టిన చేతులకు ఆ ఇసుక పిండితో సమానం. కాసేపటికే అడుగు నుంచి నీళ్లు ఉబికి నడుము దాకా వచ్చాయి. ఆనందం పట్టలేక దోసిలి ముంచి నోట్లో పోసుకున్నాడు.

ఉప్పు.

మళ్లీ తాగాడు. పక్కకు జరిగి తాగాడు. ఎక్కడ చూసినా ఉప్పే. పైకి ఎక్కి అజ్మతుల్లాను కుదిపి లేపాడు. అతను వచ్చి వేలు ముంచి నాకి, తల పట్టుకున్నాడు.

"అరె ఖుదా! ఏం పని సేస్తివిరా? దీవి కింద అంతా సముద్రమే. వాన నీళ్లు దాని మింద మీగడ మాదిరి తేలతాంటాయంట. సరంగు ఎప్పుడో సెప్పినాడు, నాకు యాదికి రాకపాయె."

"ఇప్పుడెట్ల?"

"ఎట్లేముంది? పాత మట్టం దాకా మళ్ల ఇసకతో పూడ్సాల, వాన పడాల. అంతవరకు గతి లేదు." అజ్మతుల్లా ఇంటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎవురూ సూల్లేదు. పా, పోదాం."

ఉరుకుందు నడిచాడు. పిరికితనం ముందు నడిపిస్తుంటే కాళ్లకు బరువు తెలియదు. రేవు కనపడుతుండగా మొదటి కూత వినపడింది. జేబులో ఫోను మోగింది. భీమక్క.

"ఏమప్పా, ఓడ ఎక్కినావా?"

"ఇంగా ల్యా." అక్కడితో ఆపేద్దామనుకున్నాడు, నోరు ఆగలేదు. "తప్పు పనైంది భీమీ. ఒకాయమ్మ బాయి సెడగొడితి. ఉప్పగైపాయ."

అవతల బిందెల చప్పుడు వినపడుతోంది.

"ఎన్నిండ్లోల్లు తాగుతారు ఆ నీళ్లు?"

"నాలుగిండ్లోల్లు."

"ఆయమ్మకు తెలుసునా?"

"నిద్రపోతాంది."

"నేను ట్యాంకరు కోసరం నిలబడుకోనుండా. అది వస్తాదో రాదో తెలీదు" అంది భీమక్క. "ఆయమ్మ లేస్తానే బిందె ఎత్తుకోని బాయి కాడికి పోతాది గదా. అది తలుసుకో. ఆ తరవాత ఓడ ఎక్కుతావో ఎక్కవో నీ ఇష్టం."

"ఈ ఓడ పోతే వానకాలమంతా ఈడ్నే. ఈరన్నసామి జాత్ర..."

"సామి యాడికీ పోడులే. నీళ్లు తీపైనంక రా."

రెండో కూత పడింది. ఉరుకుందు వెనక్కి తిరిగాడు. అజ్మతుల్లా తిట్టని తిట్టు లేదు, అయినా తనూ వెంట పరుగెత్తాడు. ఆ ఇంట్లో ఇతని గోడు ఇంకెవరు చెప్పగలరు?

బీఫాతుమ్మ అప్పటికే లేచింది. అజ్మతుల్లా వచ్చీరాని వాళ్ల భాషలో చెబుతుంటే ఆమె నమ్మలేదు. బావి దగ్గరికి వెళ్లి ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసి, ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపుకు పక్కిళ్ల వాళ్లు పోగయ్యారు. చేపలు కోస్తున్న ఒకాయన చేతిలో కత్తి అలాగే ఉండగా వచ్చి ఉరుకుందు గల్లా పట్టుకున్నాడు. కత్తి కంటికి జానెడు దూరంలో ఉంది. ఉరుకుందు కదల్లేదు. కొడితే కొట్టనీ అనుకున్నాడు.

ముసలావిడ ఏదో అడిగింది.

"ఎందుకు తవ్వినావని అడుగుతాంది" అన్నాడు అజ్మతుల్లా.

"సిప్పతో తోడుతాంటే సూల్లేకపోతి అవ్వా. నీకు నీళ్లు సాలక తిప్పలు పడతాండావనుకుంటి. మా ఊర్లో నీళ్లు సాలకపోతే తవ్వుతాం. నాకు అదొగటే తెలుసు."

అజ్మతుల్లా ఆ మాటలు వాళ్ల భాషలో చెప్పాడు. ఆమె లేచి ఉరుకుందు ముఖం చూసింది. తర్వాత కత్తి ఉన్నాయన చెయ్యి పట్టి కిందికి దించింది. పారను కాలితో ఉరుకుందు వైపు నెట్టి, బావి చూపించింది.

మూడో కూత పడింది. అజ్మతుల్లా స్నేహితుణ్ని ఒకసారి గట్టిగా కౌగిలించుకుని, వెనక్కి చూడకుండా రేవు వైపు పరుగెత్తాడు.

ఉరుకుందు బావిలోకి దిగాడు. గల్లా పట్టుకున్నాయనే పైనుంచి తట్టలతో ఇసుక అందిస్తుంటే, తను తవ్విందంతా తన చేతులతోనే పూడ్చాడు. ఇంజను చప్పుడు మెల్లగా దూరమైపోయింది. వాళ్ల వంశంలో బావి పూడ్చినవాడు అతనే మొదటివాడు. తాత గుర్తొచ్చి, ఎవరూ చూడని ఆ గుంతలో వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ మర్నాటి నుంచి తెల్లారకముందే మసీదు బావి నుంచి నాలుగిళ్లకూ నీళ్లు మోశాడు. మొదట్లో ఎవరూ పలకరించలేదు. వానలు పడ్డాయి. నీళ్లు మోసీ మోసీ భుజం కాయ కాచింది. శ్రావణం వచ్చింది, జాతరా అయిపోయింది. బీఫాతుమ్మ అప్పుడప్పుడూ బావి నీళ్లు రుచి చూసి తల అడ్డంగా ఊపేది.

ఒకరోజు ఊపలేదు. గుటక వేసి, మళ్లీ తాగి, పక్కింటి వాళ్లను కేకేసింది.

ఉరుకుందు తడి చేతులతోనే భీమక్కకు ఫోన్ చేశాడు.

"తీపైనాయి భీమీ."

"నువ్వు తాగి సెప్తాండావా, ఆయమ్మ తాగి సెప్పిందా?"

"ఆయమ్మే తాగింది."

"అయితే రా" అంది భీమక్క.